పానగల్లు చెరువు, మోటుపల్లి బాట: ఊరు కట్టే గేమ్ ప్రాజెక్టు డైరీ

నల్లగొండను ఆనుకొని ఉన్న పానగల్లు ఒకప్పుడు కందూరు చోడుల రాజధాని. ఆ ఊరు, దాని చెరువు, అక్కడినుంచి కృష్ణ దాటి మోటుపల్లి రేవుకు పోయే బాట. ఈ మూడింటితో ఊరు కట్టే, వ్యాపారం చేసే కంప్యూటర్ గేమ్ నమూనా ఒకటి తయారవుతోంది. గేమ్‌లో కాలం 1244 నుంచి పదేళ్ళు. కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో ఓడ వర్తకులకు అభయశాసనం వేయించింది అప్పుడే.

ఇక్కడ బొమ్మలు ఎంత బాగా వచ్చాయో రాయడం లేదు. ఏది ఎందుకు ఆడలేదు, ఏం మార్చాం, ఆ మార్పు లెక్క ఎంత అన్నదే రాస్తున్నాం. దేవరకొండ వైపో పాలమూరు వైపో సొంతూరి చెరువుతో ఇట్లాంటిదే చేద్దామనుకునేవాళ్ళు ఈ అంకెలను అట్లనే తీసుకోవచ్చు.

సామాను: గేమ్ కట్టడానికి గోడో 4.3, నేల ఎత్తులకు పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్, లెక్కలకు లిబ్రే ఆఫీస్ కాల్క్, 8 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్. చదువుకోవడానికి జూలియస్ కోడ్. 1998 నాటి సీజర్ 3 గేమ్‌ను కొత్తగా తిరగరాసిన బహిరంగ కోడ్ ఇది. ఆడాలంటే అసలు గేమ్ ఫైళ్ళు కావాలి గానీ చదవడానికి ఏమీ అక్కర్లేదు.

దశ 1: నేల

పటం 256 × 256 గళ్ళు, గడి 30 మీటర్లు. అంటే ఒక్కో పక్క 7.68 కిలోమీటర్లు. ఎత్తులకు కోపర్నికస్ 30 మీటర్ల ఉపగ్రహ డేటా తీసుకున్నాం.

1. క్యూజీఐఎస్‌లో డేటాను, దూరాలు మీటర్లలో వచ్చే యూటీఎం కొలతలో, 44 ఉత్తర జోన్‌కు మార్చాలి (ఈపీఎస్‌జీ 32644). నల్లగొండకు ఇబ్బంది లేదు. మహబూబ్‌నగర్ పట్నం మాత్రం దాదాపు 78 డిగ్రీల రేఖాంశం మీదే ఉంది, జోన్ 43, 44ల హద్దు అదే. పటం మొత్తానికి ఒకటే జోన్ పెట్టుకోండి, సగం అటు సగం ఇటు చేయొద్దు.
2. గడి కొలత సరిగ్గా 30 మీటర్లు అని చెప్పి, 7,680 మీటర్ల చదరంగా కత్తిరించాలి.
3. ఇప్పుడున్న చెరువులన్నిటికీ హద్దు గీసి, ఆ లోపలి ఎత్తులు తీసేసి, చుట్టుపక్కల వాలును బట్టి మళ్ళీ నింపాలి.
4. ఫలితాన్ని బొమ్మగా కాకుండా అంకెల ఫైలుగా, డెసీమీటర్లలో రాసుకోవాలి.

మూడో మెట్టు వదిలేస్తే ఏమవుతుందంటే, ఉదయసముద్రం (పానగల్లు చెరువు పేరు అదే) జాగాలో పెద్ద చదును బల్ల వస్తుంది. ఉపగ్రహానికి నీటి పైభాగమే కనబడుతుంది, చెరువు అడుగు కనబడదు. పైగా ఇవాళ్టి కట్ట, రోడ్డు, మేడలు కూడా ఎత్తులో కలిసి వస్తాయి. ఆట మొదలుకాకముందే చెరువు కట్టి ఉన్నట్టు లెక్క.

నాలుగో మెట్టు ఇంకా మోసం చేసేది. 16 బిట్ల పీఎన్‌జీ బొమ్మగా దాచిన ఎత్తులను మేం వాడిన గోడో 8 బిట్లకు కుదించి చదివింది. మీటర్లలో ఉన్న మన ఎత్తులు 65,535 మెట్లలో అట్టడుగునే ఉంటాయి. కుదించేసరికి గుట్టలన్నీ నేలమట్టమై పటం చాప పరిచినట్టు వచ్చింది. 150 మీటర్ల తేడాను 256 మెట్లకు సాగదీసినా మెట్టుకు 0.6 మీటరు పడుతుంది, అలుగు (నిండిన చెరువు నీళ్ళు పొర్లిపోయే చోటు) ఎత్తు తేల్చడానికి అది చాలదు. అందుకే అంకెల ఫైలు.

ఉచితంగా దొరికిన బొమ్మల మూటలో మిరపకాయలు ఆరబోసిన కళ్ళం, మొక్కజొన్న చేను ఉన్నాయి. రెండూ తీసేశాం. మిరప, మొక్కజొన్న, వేరుశెనగ పోర్చుగీసు వాళ్ళ తర్వాత వచ్చిన పంటలు. కాకతీయుల నాటి కారం అంటే మిరియాలే, అవి బయటినుంచి రావాల్సిందే. ఈ ఒక్క దిద్దుబాటుతో వ్యాపారానికి ఒక సరుకు దొరికింది.

ఇప్పటిదాకా: 65,536 గళ్ళు. సరుకులు లేవు, మనుషులు లేరు.

దశ 2: చెరువు

నీటి కొలత: ఒక యూనిట్ అంటే 100 ఘనమీటర్లు. గడి వైశాల్యం 900 చదరపు మీటర్లు, కాబట్టి మీటరు లోతు నీళ్ళుంటే గడికి 9 యూనిట్లు. వరి మడికి కారుకు (ఒక పంటకు) 12 యూనిట్లు, నాలుగు నెలల్లో నెలకు 3 చొప్పున.

నీటి నష్టాన్ని మొదట రోజుకు నిల్వలో ఇంత శాతం అని పెట్టాం. అది పనికిరాలేదు. వెడల్పుగా, లోతు లేకుండా కట్టిన చెరువుకూ, ఇరుకు లోయలో లోతుగా కట్టిన చెరువుకూ ఒకటే నష్టం వచ్చింది. కట్ట ఎక్కడ వేయాలన్న ఆలోచనే ఆటగాడికి అవసరం పడలేదు. ఎండ గుంజేది నీటి పైభాగం నుంచి. అందుకే రోజుకు 6 మిల్లీమీటర్లు, నెలకు 180 అని మార్చాం. గడికి నెలకు 1.62 యూనిట్లు.

400 గళ్ళ చెరువు, సగటు లోతు 2 మీటర్లు అనుకుంటే:

- నిండు నిల్వ: 400 × 18 = 7,200
- నాలుగు నెలల ఎండ నష్టం: 400 × 1.62 × 4 = 2,592
- మడికి మిగిలేది: 4,608
- ఆయకట్టు: 4,608 ÷ 12 = 384 గళ్ళు, సుమారు 85 ఎకరాలు

(నీళ్ళు తగ్గేకొద్దీ పైభాగం కూడా తగ్గుతుంది. గేమ్ దాన్ని నెలనెలా చూస్తుంది. పై లెక్క కాగితం మీద సరిచూసుకోవడానికి.)

కట్ట ఖర్చు దగ్గర ఆట నిజంగా మొదలైంది. తల వెడల్పు 3 మీటర్లు, రెండు పక్కలా వాలు రెండుకు ఒకటి. ఎత్తు పెరిగితే మట్టి ఎంత పెరుగుతుందో చూడండి. 30 మీటర్ల గడికి:

- 4 మీటర్ల కట్ట: 1,320 ఘనమీటర్లు
- 6 మీటర్లు: 2,700
- 8 మీటర్లు: 4,560

మనిషి రోజుకు తవ్వి మోసేది 1.5 ఘనమీటర్లు. కట్ట పొడవు 20 గళ్ళు, 150 మంది కైకిలి పెడితే 4 మీటర్ల కట్ట 118 రోజుల్లో లేస్తుంది. 6 మీటర్లకు 240 రోజులు. 8 మీటర్లకు 406. పుష్యం నుంచి వైశాఖం దాకా ఉండేది 150 రోజులే. (గేమ్ ఏడాది 12 తెలుగు నెలలు, 360 రోజులు. అధికమాసం పెట్టలేదు, పెడితే ఏ లెక్కా నిలవదు.) ఆషాఢంలో వాన పడేటప్పటికి కట్ట అసంపూర్తిగా ఉంటే గండి పడుతుంది, అప్పటిదాకా పోసిన మట్టిలో మూడో వంతు పోతుంది. ఆశపడి 8 మీటర్లు మొదలుపెట్టినవాళ్ళందరికీ మొదటి వానకే ఆ పాఠం తెలిసొస్తుంది.

ఖజానాలో రూకలు చాలకపోతే దశబంధం ఉంది. చెరువు కట్టించినవాళ్ళకు ఆయకట్టు పంటలో పదో వంతు ఇవ్వడం. ఇది ఒకసారి ఇస్తే ఇక తీసేయడానికి వీల్లేకుండా పెట్టాం. వీలిస్తే కట్ట లేచిన మర్నాడే తీసేస్తున్నారు.

తూము (చెరువు నుంచి పొలానికి నీళ్ళు వదిలే దారి), అలుగులకు రెండు నియమాలు చాలు. అలుగు మట్టం కట్ట తల కంటే కనీసం 1.5 మీటర్లు కిందికి ఉండాలి, లేకుంటే నీళ్ళు కట్టమీదుగా పోయి కోసేస్తాయి. తూము మట్టానికి కిందున్న నీళ్ళు పొలానికి రావు. ఇంతే పెట్టినా ఆటగాళ్ళు తూము ఎత్తులో పెట్టి, "చెరువు నిండుగుంది, మడి ఎండిపోతోంది, ఇది బగ్గే" అని చెప్పారు. అది బగ్ కాదు. కానీ ఆ సంగతి తెరమీద కనబడాలి కదా. ఇప్పుడు తూము కింది నీళ్ళు వేరే రంగులో కనబడతాయి.

అసలు బగ్ ఇంకోటి. గొలుసుకట్టులో పైచెరువు అలుగు నీళ్ళు కిందిచెరువుకు రావాలి. గేమ్ చెరువులను కట్టిన వరుసలో లెక్కపెట్టింది, వాలు వరుసలో కాదు. కింది చెరువు ముందు కట్టి ఉంటే పైనుంచి వచ్చే నీళ్ళు దాని ఖాతాలోకి ఒక నెల ఆలస్యంగా చేరేవి. నాలుగు చెరువుల గొలుసులో చివరిదానికి వానాకాలం అయిపోయాకే నీళ్ళు. ప్రతి నెలా లెక్కకు ముందు చెరువులను అలుగు మట్టం ప్రకారం పైనుంచి కిందికి పేర్చితే సరిపోయింది.

తిండి లెక్క: వరి గడికి 135 కిలోలు, వానాధారపు జొన్న చెలక గడికి 60 కిలోలు, మనిషికి ఏడాదికి 240 కిలోలు అని పెట్టాం. 384 గళ్ళ ఆయకట్టు 51,840 కిలోలు ఇస్తుంది, అంటే 216 మందికి. వెయ్యి మంది ఊరైతే మిగతా 1,88,160 కిలోలు చెలకే ఇవ్వాలి: 3,136 గళ్ళు.

ఇప్పటిదాకా: చెరువు 1, మడి 384, చెలక 3,136, జనం 1,000. సరుకులు రెండు: వడ్లు, జొన్నలు.

దశ 3: మోత

ఈ రకం గేమ్‌లలో రెండు దారులున్నాయి. 1998లోనే వచ్చిన అన్నో 1602లో దీవిలో ఎక్కడ దింపినా సరుకు దీవి మొత్తానికి ఒకటే నిల్వ. సీజర్ 3లో మాత్రం ధాన్యం కొట్టు నుంచి బజారుకు, బజారు నుంచి ఇంటి ముందుకు మనిషి నడిచి తేవాలి. ఆ అమ్మేవాళ్ళు కూడలి వచ్చినచోట ఎటు తిరుగుతారో చెప్పలేం. అందుకే ఆటగాళ్ళు కోట ద్వారాలను అడ్డంగా పెట్టి వాళ్ళను ఆపేవాళ్ళు. 1999 నాటి ఫారోలో దారి అడ్డును విడిగానే ఇచ్చారు.

మేం రెండూ కట్టి చూశాం. ఉమ్మడి నిల్వ సగం పనితో అయిపోయింది, ఒక్క బగ్ లేదు. కానీ ఆడేవాళ్ళ కళ్ళు తెర పైనున్న అంకెల మీదే ఉన్నాయి. చెరువు ఎక్కడుందో, గానుగ ఎక్కడుందో ఎవరికీ పట్టలేదు. సరుకు నడిచే నమూనాలో అదే ఆటగాడు ఒక బండి వెంబడి పటమంతా తిరిగాడు. ఒక ఇల్లు ఎందుకు చితికిపోయిందో ఈ గేమ్‌లో వెతికితే దొరుకుతుంది, దారిపొడవునా సాక్ష్యం ఉంటుంది. ఈ గేమ్‌లను రాత్రి రెండింటిదాకా ఆడించేది అదేనని మా నమ్మకం. ఉమ్మడి నిల్వ తీసేశాం.

తీసేయడంతో కష్టాలు మొదలయ్యాయి. గేమ్‌లో రోజు 2 సెకన్లు, మనిషి సెకనుకు గడిన్నర నడుస్తాడు, రోజుకు 3 గళ్ళు. 3,136 గళ్ళ చెలకను కుదించి పేర్చినా 56 × 56. సగటున 28 గళ్ళు పోవాలి, 28 రావాలి: 19 రోజులు. నెత్తిమూటకు 30 కిలోలు. 1,88,160 కిలోలకు 6,272 మోతలు. ఒక మనిషి ఏడాదికి 19 మోతలు వేస్తాడు, కాబట్టి 330 మంది. ఊళ్ళో మూడో వంతు జనం మూటలు మోయడానికే.

బండి పెట్టాం, 500 కిలోలు. మోతలు 376కు తగ్గాయి. అయినా కుదరలేదు. పంట రెండు నెలల్లోనే వస్తుంది, అరవై రోజుల్లో బండికి మూడు మోతలే, 126 బండ్లు కావాలి. మిగతా పది నెలలు అవన్నీ ఖాళీ. చేల దగ్గర కళ్ళంలోనే గుమ్మి (ధాన్యం గాదె) కట్టుకునే వీలిచ్చాక ధాన్యం అక్కడ ఆగి, ఏడాది పొడవునా కొద్దికొద్దిగా ఊళ్ళోకి వస్తోంది. బండ్లు 20 చాలు. ఊళ్ళో నిజంగా చేసే పద్ధతే ఇది, కాల్క్‌లో లెక్క వేసేదాకా గేమ్‌లోకి రాలేదు.

బండి 14 సంగతి విడిగా రాయాలి. ధాన్యం కొట్టు ముందు 500 కిలోల జొన్నలతో నిలబడిపోయింది. కొట్టులో చోటు లేదు. వెనక్కు పోదామంటే వెనక బండి 17, దాని వెనక బండి 8. ఆ బాటలోనే ఉప్పు మోసుకొచ్చే ఎద్దులు, వాటికి దారి లేదు. ఉప్పు అందక ఇళ్ళు పడిపోయాయి, జనం వెళ్ళిపోయారు, తినేవాళ్ళు లేక కొట్టు అట్లనే నిండుగా ఉండిపోయింది. ఊరు చచ్చింది ధాన్యం ఎక్కువై.

చేసిన మార్పులు:

1. బయల్దేరే ముందే బండి కొట్టులో చోటు రాయించుకుంటుంది. చోటు లేకపోతే కదలదు.
2. కొట్టు కూలగొడితే, దారి తెగితే ఆ రాత ఆ క్షణమే కొట్టేయాలి. లేకుంటే లేని బండికి చోటు పట్టిపెట్టి, ఖాళీ కొట్టు "నిండింది" అంటుంది.
3. బండ్లు ఒకదానిలోంచి ఒకటి దూరిపోతాయి. చూడ్డానికి బాగుండదు, కానీ ఎదురెదురు బండ్లకు దారి ఇప్పించే కోడ్ రాస్తే మిగతా గేమ్ రాయడానికి ఓపిక మిగలదు.
4. నెలకోసారి నిల్వ తనిఖీ: పండింది = తిన్నది + కొట్టులో ఉన్నది + దారిలో ఉన్నది + పాడైంది. కిలో తేడా వచ్చినా గేమ్ ఆగి ఎర్ర గీత చూపించాలి.

నాలుగోది మొదటిరోజే పెట్టుకోండి. మిగతా బగ్గుల్లో సగం అదే పట్టిస్తుంది.

నెల మారేటప్పుడు తెర గతుక్కుమనేది. అన్ని ఇళ్ళూ ఒకటో తారీఖునే సరుకు అడగడం దానికి కారణం. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 16.6 మిల్లీసెకన్లే, ఆ ఒక్క ఫ్రేము 90 దాకా తీసుకునేది. ఇంటి సంఖ్యను 30తో భాగించి, మిగిలిన శేషాన్ని బట్టి అడిగే తారీఖు పంచాం. 9కి దిగింది. దారులను కూడా రోజూ వెతకకుండా, బాట మారినప్పుడే వెతికి దాచుకుంటోంది.

ఇళ్ళు గుడిసె, మట్టి గోడల ఇల్లు, రాతి మిద్దె, భవంతి అని నాలుగు మెట్లు. బట్ట ఒక్కరోజు ఆలస్యమైతే మిద్దె కాస్తా మట్టిల్లు అయ్యేది, మర్నాడు మళ్ళీ మిద్దె. ఎక్కడానికి 20 రోజులు, దిగడానికి 60 రోజులు గడువు పెట్టాం.

ఇప్పటిదాకా: సరుకులు ఆరు (నూనె, బట్ట, ఉప్పు, మిరియాలు కలిశాయి), బండ్లు 20, కళ్ళం గుమ్ములు 8.

దశ 4: మోటుపల్లి బాట

పానగల్లు నుంచి మోటుపల్లికి గీత గీస్తే సుమారు 180 కిలోమీటర్లు. బాట వంకర్లతో 240 అని పెట్టుకున్నాం. రోజుకు 20 కిలోమీటర్ల చొప్పున 12 రోజులు. ఇక్కడ పెద్ద తిరకాసు: ఊళ్ళో బండి 40 గళ్ళు పోవడానికి 13 రోజులు పడుతుంటే, బిడారు (సరుకు మోసే ఎద్దుల గుంపు) సముద్రానికి 12 రోజుల్లో చేరుతోంది! పటం లోపలి దూరానికీ బయటి దూరానికీ కొలత ఒకటి కాకపోవడమే కారణం. బయటి రోజులను ఐదింతలు చేశాం. పోను 60, రాను 60, రేవులో 30. మొత్తం 150 రోజులు.

మోటుపల్లి శాసనంలో రెండు విషయాలు గేమ్‌కు నేరుగా పనికొచ్చాయి. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవాళ్ళు, గణపతిదేవుడు దాన్ని మానేసి సుంకం మాత్రమే తీసుకుంటానన్నాడు. ఆ సుంకం ముప్పైలో ఒక వంతు. శాసనంలో గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టు, మిరియాలు, పోకలు అన్నీ ఉన్నాయి. మేం తీసుకున్నది మిరియాలు ఒక్కటే. సరుకు పెంచితే కొట్టు, బండి, ఇంటి అవసరం మూడూ పెంచాలి.

ముప్పైలో ఒకటి అనడం తేలికే. 20 రూకల సరుకు మీద పూర్ణాంకంలో సుంకం సున్నా. రూకకు 16 వీసాలు పెట్టి వీసాల్లో లెక్క కట్టాం: 320 ÷ 30 = 10 వీసాలు, శేషం 20. ఆ శేషాన్ని వదిలేస్తే ఆటగాడు రూక రూకగా విడగొట్టి అమ్ముతాడు, 16 ÷ 30 ఎప్పుడూ సున్నానే. శేషం ఆటగాడి ఖాతాలో తర్వాతి సరుకుకు కలుస్తుంది ఇప్పుడు.

ధర దగ్గర ఇంకో బొక్క. ఊళ్ళో ఉప్పు మూల ధర 8 రూకలు, ఉండాల్సిన నిల్వ 40 బస్తాలు. ధర = 8 × (2 − నిల్వ ÷ 40), 4కు తగ్గదు. నిల్వ 10 ఉంటే 14 రూకలు. 50 బస్తాలు ఒకేసారి దింపితే మొత్తానికీ 14 లెక్కన 700 రూకలు ఇచ్చేసింది. బస్తా బస్తాకూ ధర దిగాలి. అట్లా లెక్కిస్తే 455.

ఒక బిడారు ఖాతా, మార్పు తర్వాత:

- 50 బస్తాలు, రేవులో 4 చొప్పున కొనుగోలు: 200 రూకలు
- సుంకం: 6 రూకల 10 వీసాలు
- పెరికె ఎద్దులు 25, ఎద్దుకు 2 బస్తాలు, కిరాయి 4 చొప్పున: 100
- అమ్మకం: 455
- మిగులు: 148 రూకల 6 వీసాలు

పాత లెక్కలో మిగులు 393 దాటేది. రెండు బిడార్లు తిరిగొస్తే చెరువు, చెలక అన్నీ వదిలేసి ఉప్పు వ్యాపారంతోనే ఊరు నడిచిపోయేది. ఇప్పుడు ఉప్పు ఖాతా సరిపెట్టడానికి పనికొస్తుంది, ఊరిని మోసేది చెరువే.

దశ 5: అక్షరాలు

గోడో 3లో తెలుగు ఒత్తులు సరిగా కూడవు, అందులో మొదలుపెట్టొద్దు. గోడో 4లో నోటో సాన్స్ తెలుగు ఫాంటుతో ఇబ్బంది లేదు. బటన్ ఎత్తు మాత్రం ఇంగ్లిష్ కొలతకు పెడితే కింది ఒత్తులు తెగుతాయి. "మోటుపల్లి"లో ల వత్తు, "గుమ్మి"లో మ వత్తు చూసుకోండి. అక్షరం సైజుకు 1.6 రెట్లు ఎత్తు ఇచ్చాం.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పగలంతా నిలిచే నీడను పెట్టమని అడుగుతున్నారు. పైనుంచి చూసే గేమ్‌లో గర్భగుడి లోపలే కనబడదు.

దశ 6: వాడపల్లి రేవు (నడుస్తోంది)

మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లి దగ్గర బిడారు నది దాటాలి. శ్రావణ భాద్రపదాల్లో దాటడం బంద్. మిగతా నెలల్లో పుట్టికి (గుండ్రటి పడవకు) 10 బస్తాలు, ఎద్దులు ఈదుతాయి. 50 బస్తాలకు ఐదు దఫాలు, దఫాకు రోజు.

ఆషాఢం ఆఖరి రోజుల్లో రేవు చేరిన బిడారు మూడు దఫాలు దాటించాక రేవు మూతపడింది. దాటిన 30 బస్తాలు ఈ గట్టున, దాటని 20 ఆ గట్టున, రెండు నెలలు. నిల్వ తనిఖీ ఎర్ర గీత చూపించింది, ఎందుకంటే బిడారు రెండు ముక్కలయ్యే వీలే కోడ్‌లో లేదు. సగం దాటినదాన్ని వెనక్కు పిలిస్తే తేలిక. కానీ ఇద్దరు ముగ్గురు ఆటగాళ్ళు ఆ 20 బస్తాల కోసం ఆషాఢంలో బిడార్లు ఆపేసి, వచ్చే ఏడు మార్గశిరంలోనే బయల్దేరదీశారు. అందుకని బిడారును ముక్కలయ్యేటట్టే తిరగరాస్తున్నాం: ప్రతి ఎద్దుకూ విడి ఖాతా, రెండు బస్తాలు, ఏ గట్టున ఉందో ఒక గుర్తు. ఆ గట్టున ఆగిన ఎద్దుకు రోజుకు మేత 1 వీసం.

ఇప్పటిదాకా: చెరువు 1, సరుకులు 6, బండ్లు 20, ఎద్దులు 25, తెలిసిన బగ్గులు 3.